‘మన’ అంటే ఎంత?

కోరబాబు చేసిన పళ్ళతో ఆ ఊళ్ళో కనీసం నాలుగైదు వేల మంది నములుతున్నారు. వాళ్ళలో ఒక్కరికి కూడా కోరబాబు ఎవరో తెలియదు. పళ్ళ డాక్టరు నోట్లో అచ్చు తీసి ల్యాబ్‌కి పంపిస్తాడు. వారం తిరిగేసరికి చిన్న డబ్బాలో పళ్ళ సెట్టు వస్తుంది. డాక్టరు దాన్ని దవడకి కూర్చోబెట్టి ‘ఎలా ఉంది?’ అని అడుగుతాడు. బాగుంటే డాక్టరుగారి చెయ్యి మంచిది. గుచ్చుకుంటే ల్యాబ్‌వాళ్ళు చెడగొట్టారు. లోకం తీరు అంతే, దానికి కోరబాబు ఎప్పుడూ నొచ్చుకోలేదు. అతను నొచ్చుకున్న సంగతి వేరే ఉంది. అది చెబుదామనే మొదలుపెట్టాను.

అసలు పేరు ఎవరూ వాడరు. పైవరసలో ఎడమవైపు కోరపన్ను కాస్త ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, అందుకని బళ్ళోనే కోరబాబు అయిపోయాడు. ‘ఊరందరికీ పళ్ళు కడతావు, నీ పన్ను సరిచేసుకోవేం?’ అని ప్రతి కొత్త డాక్టరూ అడుగుతాడు, ఆ జోకు తనే కనిపెట్టినట్టు. ‘సరిచేస్తే నన్ను గుర్తుపట్టేదెలాగండీ?’ అంటాడు కోరబాబు.

ల్యాబ్ అంటే మేడమీద రెండు గదులు. కింద కళ్ళద్దాల షాపు. మొదటి గదిలో ప్లాస్టర్ పని. అక్కడ బల్లలు, కుర్చీలు, మనుషుల కనురెప్పలు అన్నీ తెల్లగానే ఉంటాయి. రెండో గదిలో మైనం పని. స్పిరిట్ దీపం మీద సన్నకత్తి వేడిచేసి, మైనం కరిగించి, చిగుళ్ళు దిద్దుతారు, పళ్ళు ఒక్కొక్కటే నిలబెడతారు. గోడ పొడుగునా అలమరల్లో ప్లాస్టర్ దవడలు, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో ఎవరిదో పేరు. కొత్తగా వచ్చినవాళ్ళు వాటివంక చూడ్డానికి రెండు రోజులు భయపడతారు, మూడో రోజు వాటిమధ్యే టీ గ్లాసు పెట్టుకుంటారు.

ఈ ల్యాబ్ పెట్టింది అతని బావ, అంటే అక్క భర్త. బావ మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పకపోతే తరవాత నేను చెప్పబోయేదాంట్లో న్యాయం ఉండదు. చదువు సగంలో మానేసి తిరుగుతున్న బావమరిదిని పంతొమ్మిదో ఏట తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కత్తి పట్టడం నేర్పాడు, మైనం వాసనని బట్టి వేడి తెలుసుకోవడం నేర్పాడు. తిట్టకుండా నేర్పాడు, ఈ పనిలో అది అరుదు. నాలుగేళ్ళకి బావ చెక్కిన పన్నుకీ కోరబాబు చెక్కిన పన్నుకీ తేడా తెలిసింది. కోరబాబుదే బాగుండేది. బావ కూడా ఒప్పుకున్నాడు. ‘వీడు పన్ను చెక్కడు, మొలిపిస్తాడు’ అని డాక్టర్లందరికీ చెప్పుకున్నాడు.

కోరబాబుకి ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక విదేశీ కంపెనీవాళ్ళు మనుషుల కోసం వచ్చారు. పెద్ద హాల్లో బల్లలు వేసి, తలా మూడు మైనపు దిమ్మలిచ్చి, గంటలో మూడు పళ్ళు చెక్కమన్నారు. బొమ్మ చూడకూడదు, కొలతలు చూడకూడదు. కోరబాబూ, అదే ల్యాబ్‌లో పక్క కుర్చీలో పనిచేసే పొడుగూ కలిసి వెళ్ళారు. పొడుగు అసలు పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. ఇద్దరికీ ఉత్తరాలొచ్చాయి. పదిరోజుల్లో వస్తామో రామో చెప్పాలి.

ఆ పదిరోజులూ చూడాలి. ఎప్పుడూ పక్క ఊరు దాటని ఎదురింటాయన ‘వెళ్ళిపో, ఇక్కడేముంది?’ అన్నాడు. రెండుసార్లు విదేశం వెళ్ళొచ్చిన ఇంకొకాయన ‘వెళ్ళకు, అక్కడేముంది?’ అన్నాడు. కోరబాబు తల్లి ‘నీ ఇష్టం నాయనా’ అంది. ఆ మాట ఆవిడ ఎప్పుడు అన్నా ఎవరి ఇష్టమూ సాగలేదు. పొడుగు ఒక నోటుబుక్కు కొని మధ్యలో గీత గీశాడు. వెళ్ళడానికి కారణాలు పద్నాలుగు, ఉండడానికి కారణాలు పద్నాలుగు. ‘అమ్మ’ అన్నది రెండువైపులా రాసి ఉంది.

“ఇదేంట్రా, అమ్మని రెండుచోట్లా రాశావు?”

“అమ్మ కోసం ఉండాలి, అమ్మ నించి పారిపోవాలి. రెండూ నిజమే కదరా!”

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ప్లాస్టర్ గదిలో ఫ్యాను ఆగిపోయింది. పొడుగు కాసేపు దానివంక చూశాడు. చేతులు తుడుచుకుని ‘చాలు’ అన్నాడు. సాయంత్రం వెళ్ళి సంతకం పెట్టొచ్చాడు. ఇరవై ఎనిమిది కారణాల్లోనూ ఫ్యాను లేదు. కుర్రాళ్ళు దేశాలు ఎలా మారతారని పెద్దలు సభలు పెట్టి మాట్లాడుకుంటారు. ఇలా మారతారు. ఆగిపోవడం కూడా ఇలాంటి దానికే ఆగిపోతారు, ఇప్పుడదే చెబుతున్నాను.

తొమ్మిదో రోజు సెలవు. కోరబాబు మధ్యాహ్నం భోజనానికి అక్కవాళ్ళింటికి వెళ్ళాడు. వెళ్ళాలనే అనుకున్నాడు అప్పటికి. బావకి చెప్పి, ఆశీర్వాదం తీసుకుని, మర్నాడు సంతకం పెడదామనుకున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాక నోరు తెరిచాడు.

“బావా, మీతో ఒక మాట.”

“పొడుగు సంగతేగా! పోనీ వాణ్ణి. వాడిది ఉద్యోగం, ఎక్కడైనా ఒకటే.”

“వాడితో పాటు నేనూ వెళ్ళాను బావా, ఆ పరీక్షకి. నాకూ వచ్చింది.”

వడ్డిస్తున్న అక్క చెయ్యి ఆగింది. బావకి కోపం రాలేదు. వస్తే బాగుండేది, కోరబాబు కూడా ఎదురుతిరిగి లేచి వెళ్ళిపోయేవాడు. బావ నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి నెమ్మదిగా అన్నాడు.

“వెళ్తానంటే నేను ఆపను. నీ వయసు అలాంటిది. కానీ ఒక్కటి ఆలోచించుకో. అక్కడ ఎంత చేసినా అది వాళ్ళ ల్యాబ్. ఇది మన ల్యాబ్. నా కళ్ళు ఇంకెన్నాళ్ళు పనిచేస్తాయి చెప్పు? రేపు దీన్ని చూసుకోవాల్సింది మనమే కదా!”

“అవున్రా,” అంది అక్క, “మనది అనేది ఒకటి పెట్టుకుని ఎక్కడికో పోయి పరాయివాళ్ళ దగ్గర చెయ్యడమేంటి?”

ఈ భాషలో పుట్టినవాళ్ళకి ఒక చిక్కుంది. ‘మన’ అని ఒక మాట, ‘మా’ అని ఒక మాట. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మన, వదిలేస్తే మా. మూడేళ్ళ పిల్లకి కూడా ఇందులో పొరపాటు రాదు. పక్కింటి పిల్ల బొమ్మ అడిగితే ‘ఇది మాది’ అని గుండెకి హత్తుకుంటుంది. పెద్దయ్యాకే మనకి మర్యాద అనే తెగులు పట్టుకుంటుంది. మన బస్సు వచ్చేసింది అంటాం, అందులో ఇంకా టిక్కెట్టు కూడా కొనలేదు. మన డాక్టరుగారు అంటాం, ఆయనకి మన మొహం గుర్తుండదు. ‘రండి రండి, మన షాపే’ అంటాడు బట్టలకొట్టాయన. మన షాపే అన్నాడు కదా అని ఎవరూ బట్టల మూట భుజాన వేసుకుని నడిచిపోరు. ఈ సంగతి కోరబాబుకి తెలుసు. బజార్లో నిలబడ్డప్పుడు బాగా తెలుసు. అక్క వడ్డించిన కంచం ముందు తెలియలేదు.

మర్నాడు రెండు వాక్యాల్లో రాలేనని రాసి పంపేశాడు. ఆ రోజు అతనికి నిజంగా సంతోషం వేసింది. మెట్లెక్కి ల్యాబ్‌లోకి వస్తూ, గోడకి పెచ్చులు ఊడిన చోట ఆగి చేత్తో తడిమి, ‘ఇది బాగుచేయించాలి’ అనుకున్నాడు. అంతకుముందు ఏడేళ్ళుగా ఆ గోడ అలాగే ఉంది, అతను ఒక్కసారి కూడా చూడలేదు.

పొడుగు వెళ్ళాక ఇద్దరి పనీ ఒక్కడి మీద పడింది. ఆగిన ఫ్యాను తనే కొత్తది కొని బిగించాడు. సెలవురోజుల్లో కూడా వచ్చి కూర్చునేవాడు. డాక్టర్ల దగ్గర ‘మన ల్యాబ్‌లో పాత పద్ధతిలో చెయ్యమండీ’ అనేవాడు. కంప్యూటర్‌లో కొలతలు తీసి పళ్ళు కోసే మిషను వచ్చినప్పుడు, పుస్తకాలు ముందేసుకుని తనే నేర్చుకున్నాడు. బావకి అప్పటికి దగ్గరి చూపు తగ్గిపోయింది. డాక్టర్లతో మాట్లాడ్డం, నవ్వించడం, వాళ్ళ పిల్లల పుట్టినరోజులు గుర్తుపెట్టుకోవడం బావ చూసుకునేవాడు. అదీ పనే, తక్కువ పని అని నేననను. కానీ బోర్డు మీద బావ పేరు ఉండేది, డబ్బాలో పెట్టే చీటీ మీద బావ పేరు ఉండేది. డబ్బాలో ఉన్నది మాత్రం కోరబాబు చేసింది.

ముప్ఫయ్యో ఏట పెళ్ళయింది. ఆ అమ్మాయి ఒక పళ్ళ ఆస్పత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునే ఉద్యోగి. సెట్లు ఆలస్యమైనప్పుడల్లా ల్యాబ్‌కి ఫోన్ చేసి కోరబాబుని ఏడాదిపాటు తిట్టింది. ఆ తరవాత ఇద్దరూ ఒకరోజు ఎదురుపడ్డారు. తిట్లన్నీ ముందే అయిపోయాయి కాబట్టి కాపురం సాఫీగా సాగింది. ఒక్క విషయంలో తప్ప.

“మన ల్యాబ్, మన ల్యాబ్ అంటారు. మన అంటే ఎంత?” అందామె ఒకరోజు.

“ఎంత ఏంటి?”

“సగమా, పావా, మాటవరసకా?”

“బావని అలా ఎలా అడుగుతాను? మనవాళ్ళ దగ్గర లెక్కలేంటి?”

“లెక్కలు కాదు. అడిగితే ఏమీ లేదని తేలిపోతుందని మీ భయం.”

కోరబాబు రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె తప్పుగా అన్నందుకు కాదు.

పొడుగు నెలకోసారి ఫోన్ చేసేవాడు. చలి అనేవాడు, వంటింట్లో తనొక్కడే నిలబడి తింటానని అనేవాడు, పక్కింటివాళ్ళు ఐదేళ్ళయినా పలకరించలేదని అనేవాడు. కోరబాబు అయ్యో అనేవాడు. ఫోన్ పెట్టాక మనసు తేలికపడేది. అలా తేలికపడినందుకు సిగ్గుపడేవాడు, మళ్ళీ నెలకి మళ్ళీ తేలికపడేవాడు. ఒకసారి పొడుగు, అక్కడ ప్రతి సెట్టు లోపలి అంచు మీద చేసినవాడి నంబరు చెక్కుతారని, తన నంబరు నలభై రెండని చెప్పాడు. కోరబాబు ఇంట్లో నవ్వుతూ చెప్పాడు, “వాడు పాపం మనిషి కాస్తా నంబరైపోయాడే!”

“మీరు అది కూడా అవలేదుగా,” అంది భార్య.

అలా పన్నెండేళ్ళు గడిచాయి. పన్నెండో ఏడు బావ ఒకరోజు మూడు అచ్చులు తెచ్చి కోరబాబు బల్ల మీద పెట్టాడు.

“ఇవి ఎక్కడికో పంపాలిరా. తొందరేం లేదు, నెల తీసుకో. చూసినవాళ్ళు నోరు తెరవాలి. మన పేరు నిలబడాలి.”

కోరబాబు నెలరోజులు వేరే పని ముట్టుకోలేదు. ముసలివాళ్ళ పళ్ళు వరసగా తళతళలాడితే అవి పెట్టుడు పళ్ళని ఇట్టే తెలిసిపోతుంది. అందుకని ముందుపళ్ళ అంచులు ఒకవైపు కాస్త అరగదీశాడు, డెబ్భై ఏళ్ళు ఆ వైపే నమిలినట్టు. ఒక పన్నుని పక్కదాని మీదికి వెంట్రుకవాసి ఎక్కించాడు. చిగుళ్ళకి మూడు రకాల ఎరుపు కలిపాడు. అయ్యాక బావ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. అదే అన్నిటికన్నా చేదు.

రెండు నెలల తరవాత ఒక సెలవురోజు పొద్దున కోరబాబు అక్కవాళ్ళింటికి వెళ్ళాడు. అక్క మంచం నిండా బట్టలు పరిచి, కుప్పలు వేస్తోంది.

“ఏంటక్కా, బీరువా దులిపేస్తున్నావు?”

“చెప్పలేదా మీ బావ? నోరు ఊరుకోక ఎప్పుడో చెప్పేసుంటారనుకున్నాను.” అక్క మొహం వెలిగిపోతోంది. “మేం వెళ్ళిపోతున్నాంరా.”

“ఎక్కడికి?”

“విదేశానికి. ఆ మూడు సెట్లు చూసి పెద్ద కంపెనీవాళ్ళు మీ బావని పిలిచారు. కుర్రాళ్ళకి పని నేర్పాలట. ఈ వయసులో, చూడు! ల్యాబ్ కూడా వాళ్ళకే ఇచ్చేద్దామనుకున్నాం మేం.”

అక్కకి దురుద్దేశమేమీ లేదు. మాట వెతుక్కోలేదు, తడబడలేదు. నోటికి ఏది సహజంగా వచ్చిందో అదే అంది. మంచం అంచున కూర్చున్న కోరబాబుకి ఆ ‘మేం’ ఒక్కటే వినిపించింది.

“మేం అంటే ఎవరక్కా?”

“ఎవరేంటి? మేమే. నేనూ మీ బావా.”

బావ లోపల్నించి కాగితాలు పట్టుకుని వచ్చాడు. దాచాలన్న ఆలోచన అతనికి లేదు. బావమరిది కూడా సంతోషిస్తాడనే అనుకున్నాడు, కాగితం చేతిలో పెట్టాడు. ల్యాబ్‌తో పాటు కంపెనీకి అప్పగించేవాటి జాబితా. పాలిష్ మోటార్లు ఆరు. పింగాణీ కాల్చే పొయ్యిలు రెండు. పళ్ళు కోసే మిషను ఒకటి. అలమరలు నాలుగు. అనుభవజ్ఞుడైన టెక్నీషియన్ ఒకరు.

“ఆ చివరిది నేనే పట్టుబట్టి రాయించాను,” అన్నాడు బావ. “వాళ్ళు తమ మనుషుల్నే పెట్టుకుంటామన్నారు. మా వాడు ఉంటేనే ఇస్తానని కచ్చితంగా చెప్పేశాను. నీ ఉద్యోగానికి ఢోకా లేదు.”

కోరబాబు కాగితం రెండుసార్లు చదివాడు. అరవాలనిపించింది. పన్నెండేళ్ళు, బావా, అని చొక్కా పట్టుకుని అడగాలనిపించింది. ఏమని అడగాలి? ఏ కాగితం చూపించి అడగాలి? బావ ఎప్పుడూ వాటా ఇస్తానని అనలేదు. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

“ఆ మూడు సెట్లూ ఎవరు చేశారని చెప్పారు బావా?”

“ల్యాబ్ చేసిందని చెప్పాను. అంతేగా చెప్తాం ఎప్పుడూ.”

“మా ల్యాబ్ అన్నారా, మన ల్యాబ్ అన్నారా?”

బావకి అర్థం కాలేదు. అక్క వంక చూసి నవ్వాడు. “ఏంట్రా పొద్దున్నే ఈ వ్యాకరణం? టీ తాగుతావా?”

కోరబాబు టీ తాగాడు. ఆ మాట నాకు రాయాలని లేదు, కానీ తాగాడు.

ఆ వారమే పొడుగుకి ఫోన్ చేశాడు. ఇప్పుడు వస్తే తీసుకుంటారా అని అడిగాడు.

“ముప్ఫై అయిదు దాటితే తీసుకోరురా. నీకు ముప్ఫై ఎనిమిది కదా.”

“పోనీలే. నువ్వే అనేవాడివిగా, అక్కడంతా కష్టమేనని.”

“కష్టాలు నిజమే. కానీ వెనక్కి వచ్చేయాలని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు. అది నీకు చెప్పలేదు. నువ్వు ఉండిపోయావు కదా, నీ మనసు కష్టపెట్టడం ఎందుకని కష్టాలే చెప్పేవాణ్ణి.”

కోరబాబు జరిగిందంతా చెప్పాడు. పొడుగు విని అన్నాడు, “ఇక్కడి భాషలో ‘మన’కీ ‘మా’కీ ఒకటే మాటరా. వచ్చిన కొత్తలో ఇదేం భాష, ఎవరు లోపలో ఎవరు బయటో తెలియదనుకున్నాను. ఇప్పుడు హాయిగా ఉంది. ఆ మాట నమ్మి ఇక్కడెవడూ ఏదీ వదులుకోడు.”

అక్కవాళ్ళు బయల్దేరే రోజు కోరబాబు భార్యతో కలిసి పొద్దున్నే వెళ్ళాడు. ఇల్లంతా ఖాళీగా, మాట్లాడితే గొంతు గోడలకి తగిలి తిరిగొస్తోంది. వీధిలో కారు నిలబడి ఉంది. వీడ్కోలు చెప్పడానికి ఇరుగుపొరుగు నలుగురైదుగురు వచ్చారు. పెట్టెలన్నీ కోరబాబే తాళ్ళు బిగించి గుమ్మం దగ్గర వరసగా పెట్టాడు. అక్క అతని రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపులో ఏ కల్మషమూ లేదు. చిన్నప్పుడు అతన్ని చంకనేసుకుని తిప్పింది ఆవిడే.

“అక్కడ నాకెవరున్నార్రా? నువ్వు కూడా అక్కడుంటే ఎంత బాగుండేది!” ముక్కు తుడుచుకుంది. ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి చూసింది. “అవునూ, ఎప్పుడో నీకూ వచ్చింది కదరా అవకాశం, ఆ పొడుగాడితో పాటు? ఎందుకు వెళ్ళలేదు నువ్వు?”

కోరబాబు అక్క కళ్ళలోకి చూశాడు. ఎత్తిపొడుపు లేదు, నాటకం లేదు. నిజంగానే అడుగుతోంది. నిజంగానే మరిచిపోయింది. ఆ కంచం, ఆ మధ్యాహ్నం, తనన్న మాట, ఏవీ ఆవిడ దగ్గర లేవు. అన్నీ ఇతని దగ్గరే ఉన్నాయి.

అతను నోరు తెరిచేలోగా కారు దగ్గర్నించి బావ గట్టిగా అన్నాడు, అందరికీ వినబడేలా, ముద్దుగానే అన్నాడు.

“వాడికి ధైర్యం చాల్లేదు. ఇల్లు వదల్లేని రకం వాడు!”

ఇరుగుపొరుగు నవ్వారు. కోరబాబు భార్య ఒక అడుగు ముందుకేసింది. ఆమె ఏమనబోతోందో అతనికి తెలుసు. అని ఉంటే అదంతా నిజమే అయ్యుండేది, అక్క ఆ నిజాన్ని మోసుకుంటూ దేశంకాని దేశానికి వెళ్ళేది. అతను భార్య మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

“అవున్బావా,” అన్నాడు. “చాల్లేదు.”

అక్క నమ్మింది. కళ్ళు తుడుచుకుని, అతని చెంప నిమిరి, “అంతేలేరా, అందరి వల్లా అవుతుందా!” అని కారెక్కింది.